రంగు వేయని పైపు

ముందుగా ఒక మాట. నాకు అక్షరాలు వచ్చింది ఆలస్యంగా. ఒత్తులు ఒక్కోసారి ఉండాల్సిన చోట ఉండవు, అక్కర్లేని చోట దీర్ఘాలు పడతాయి. ఇది రాయడానికి రెండు నోటుపుస్తకాలు, ఒక వానాకాలం పట్టాయి. ఒక వాక్యం రాసి, లేచి పొయ్యి చూసుకుని, మళ్లీ వచ్చి ఎక్కడ ఆపానో వెతుక్కునేదాన్ని. చదివేవాళ్లు తప్పులు దిద్దుకుంటూ, నా నిదానానికి ఓర్చుకోవాలి.

*

శనివారం పొద్దున షిఫ్టు సైరన్ మోగకముందే సత్తెమ్మ ప్రెస్సుల కింద అట్టలు తీయడం మొదలుపెట్టింది.

ఆ షెడ్డులో ఐదు ప్రెస్సులున్నాయి. ఇనుప రేకును కింద పెడితే పైనుంచి దిమ్మె దిగి ఒత్తుతుంది. రేకు గిన్నెలా వంగి బయటికొస్తుంది. ఆ దిమ్మెను నడిపేది నూనె. వెనక తొట్టిలోంచి పంపు తోసిన నూనె, బొటనవేలంత లావు రబ్బరు పైపుల్లోంచి పరుగెత్తి దిమ్మెను కిందికి నెడుతుంది. ఏదో ఒక పైపు ఎక్కడో ఒక చోట చెమ్మగిల్లుతూనే ఉంటుంది. ఆ నూనె తుడవడం సత్తెమ్మ పని. రోజూ సాయంత్రం పోయేముందు పాత అట్టపెట్టెలు విప్పి, చదును చేసి, ఒక్కో ప్రెస్సు కింద ఒక్కోటి పరిచిపోతుంది. అలా చేయమని ఎవరూ చెప్పలేదు. పొద్దున వచ్చి అట్ట చూస్తే చాలు, ఏ ప్రెస్సు ఎంత కార్చిందో ఆమెకు తెలిసిపోతుంది.

ఒకటో ప్రెస్సు అట్ట మీద రెండు చుక్కలు. రెండోది పొడి. నాలుగు, ఐదు ఎప్పటిలాగే అంచున కాస్త తడి. మూడో ప్రెస్సు అట్ట మాత్రం ఎత్తగానే మెత్తగా విరిగి రెండు ముక్కలైంది. గురువారం దాని మీద మరక జొన్నరొట్టెంత ఉండింది. శుక్రవారం పళ్లెమంత. ఇవాళ అట్టకు పొడిచోటే లేదు.

ఆమె తలెత్తి చూసింది. ప్రెస్సుకు కుడిపక్కన, మనిషి భుజం ఎత్తులో, పైపు వంపు తిరిగి పైకి పోతుంది. వంపు దగ్గర ఇనుప చట్రం మూలకు ఆనుకుంటుంది. దిమ్మె దిగినప్పుడల్లా పైపు ఉలిక్కిపడినట్టు కదిలి ఆ మూలకు రాసుకుంటుంది. రాసుకున్న చోట గీకిన గిన్నె అడుగులా నున్నగా మెరుస్తోంది.

"ఏందక్కా, పొద్దుపొద్దుగాల దాని మొకం సూస్తున్నవ్?" నర్సన్న చేతికి తొడుగులు వేసుకుంటూ వచ్చాడు. మూడో ప్రెస్సు నడిపేది అతనే. బొంతపల్లి పక్క ఊరు. ఎకరమున్నర చేను అన్నదమ్ముల మధ్య వదిలి పదేళ్లుగా ఇక్కడ రేకులొత్తుతున్నాడు.

"అట్ట మొత్తం తడిసింది నర్సన్నా."

"ముసల్దైందక్కా. ముక్కు కారదా మరి?"

"నవ్వకు. గా పైపు సూడు. మూలకు రుద్దుకుంట రుద్దుకుంట పల్సగైంది."

"నేను సూస్తే ఏమైతది? సూడాల్సినోళ్లు సూడాలె," అని నర్సన్న బటన్ నొక్కాడు. పంపు గుర్రుమంది.

సత్తెమ్మ రంపపు పొట్టు చల్లి, ఊడ్చి, గుడ్డతో తుడిచింది. గంట తర్వాత మళ్లీ వచ్చి చూస్తే మళ్లీ చుక్కలు. మళ్లీ తుడిచింది. అప్పుడే షిఫ్టు ఇంజనీరు వెంకట సాయి వచ్చి, పండుగ ముందు పెద్దసారు వస్తున్నారని, ఆఫీసు అద్దాలు కడగమని పిలిచాడు. ఆమె బకెట్ పట్టుకుని మేడ మీదికి పోయింది.

నాలుగో అద్దం తుడుస్తుండగా కింద రేకు పడ్డ చప్పుడు, వెనకే మనిషి అరుపు. ఆమె దిగివచ్చేసరికి నర్సన్న నేల మీద కూర్చుని మోచెయ్యి పట్టుకుని ఉన్నాడు. ప్యాంటుకంతా నూనె. వెంకట సాయి పక్కనే నిలబడి అట్టమీద కాగితం పెట్టుకుని రాసుకుంటున్నాడు.

"ఎలా పడ్డావ్?"

"నూనె ఉండె సారూ. కాలు జారింది."

"ఇక్కడ తుడిచేది ఎవరు?"

"సత్తెమ్మక్క."

"నువ్వు పడ్డప్పుడు ఇక్కడ ఉందా?"

"లేకుండె."

అడిగినవి మూడు, చెప్పినవి మూడు. ఏదీ అబద్ధం కాదు. వెంకట సాయి మాత్రం పేజీ నిండా ఇంగ్లీషులో రాశాడు. రాసి, కింద వేలు పెట్టి చూపిస్తే నర్సన్న సంతకం పెట్టాడు. సత్తెమ్మ తడిగుడ్డ చేతిలో పట్టుకుని అక్కడే నిలబడి ఉంది. ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు.

*

ఆదివారం సెలవు. ముత్తంగిలో ఆమె ఉండే గది రింగురోడ్డు పక్క గోదాముల వెనక ఉంటుంది. ఇంటి మీద ఇల్లు, గది మీద గది. పొద్దున లేచి గిన్నె బియ్యం కడిగి, ఎక్కువయ్యాయని అర గిన్నె మళ్లీ డబ్బాలో పోసింది. ఒక్క మనిషికి వండటం ఇన్నేళ్లయినా ఆమె చేతికి అలవాటు కాలేదు. కూర వండుకోలేదు. మామిడికాయ తొక్కుతో తిని గడపలో కూర్చుంది.

సాయంత్రం వీధిలో ఆడవాళ్లు తంగేడు పూలు, గునుగు పూలు తెచ్చి బతుకమ్మలు పేర్చారు. పక్కింటి కోడలు ఒక పళ్లెం ఇచ్చి, "పెద్దమ్మా, జెర గీ పూలు తొడిమెలు తీసియ్యరాదు," అంది. సత్తెమ్మ తీసి ఇచ్చింది. వాళ్లంతా ఆడటానికి వెళ్లాక గది ముందు రాలిన తొడిమలన్నీ ఊడ్చేసింది. పాటలు వీధి చివరనుంచి వినిపిస్తుంటే ఆమె మనసు మాత్రం మూడో ప్రెస్సు కిందే ఉంది. ఇవాళ యంత్రాలు ఆగి ఉంటాయి. ఆగినా అది కారుతూనే ఉంటుందా? శనివారం సాయంత్రం వచ్చేటప్పుడు మామూలుగా ఒక్క అట్ట పరిచేదల్లా రెండు పరిచింది. చాలుతాయో లేదో.

*

సోమవారం రెండు అట్టలూ తడిసి ఉన్నాయి.

పదింటికి వెంకట సాయి ఆమెను పిలిచి ఒక కాగితం ఇచ్చాడు. ఆఫీసులో టైపు కొట్టింది, తెలుగులో. "ఇక్కడ సంతకం పెట్టమ్మా."

సత్తెమ్మ కాగితం రెండు చేతులతో పట్టుకుని కిటికీ వెలుగుకు తిప్పింది.

"ఏం లేదమ్మా, మామూలు కాగితమే. పెట్టెయ్."

"సదివినంక పెడ్త సారూ."

వెంకట సాయి చేతి గడియారం చూసుకున్నాడు. గదిలో ఉన్న ఇద్దరు గుమాస్తాలు తలలెత్తారు. ఆమె ఒక్కో మాట కింద వేలు జరుపుతూ, పెదాలు కదుపుతూ చదివింది. నేల శుభ్రం చేయుటలో. నిర్లక్ష్యం. ఆ మాట దగ్గర ఆగి, వెనక్కి వచ్చి, మళ్లీ చదివింది. దానివల్ల. కార్మికుడు గాయపడుట. తప్పును అంగీకరిస్తున్నాను.

ఆమె కాగితం మడిచింది. "నేను తుడ్సిన సారూ. రెండుసార్లు తుడ్సిన. తర్వాత అద్దాలు కడ్గమని మీరే పిల్సిండ్రు. నూనె నా గుడ్డలకెల్లి రాలె, పైపులకెల్లి వచ్చింది."

"అదంతా రాస్తే ఎన్ని పేజీలవుతుందమ్మా? ప్రమాదం జరిగితే కారణం చూపించాలి. నీకేం కాదు, ఫైల్లో పడి ఉంటుందంతే."

"గీ మాట నాది గాదు సారూ."

వెంకట సాయి మొహం ఎర్రబడింది. కోపిష్టి కాదు, కానీ గుమాస్తాలు చూస్తున్నారు. "బుధవారం ఆయుధ పూజ. ఆలోపు సంతకం పెట్టి ఇయ్యి. లేకపోతే పండగయ్యాక గేటు పాసు ఉండదు. కాంట్రాక్టరుకు నేను చెప్పాల్సి వస్తుంది. నీ ఇష్టం."

ఆమె కాగితాన్ని అన్నం సంచిలో, డబ్బా కింద పెట్టుకుంది.

టీ వేళకు కబురు షెడ్డంతా పాకింది. రోజూ ఆమె పక్కన కూర్చునే ప్యాకింగు ఆడవాళ్లు ఆ రోజు మంచినీళ్ల పంపు పక్కకు జరిగి కూర్చున్నారు. ఆమె మీద కోపమేం కాదు. పాసు పోయేవాళ్ల పక్కన కూర్చుంటే తమ పేరూ ఎవరైనా రాసుకుంటారేమోనని. నర్సన్న మోచేతికి కట్టుతో గోడవైపు తిరిగి టీ తాగుతున్నాడు. సత్తెమ్మ తుక్కు రేకుల గుట్ట పక్కన ఒక్కతే కూర్చుంది.

కాసేపటికి త్రినాథరావు గ్లాసు పట్టుకుని వచ్చి ఎదురుగా బోర్లించిన డబ్బా మీద కూర్చున్నాడు. ఫిట్టరు. తాడేపల్లిగూడెం నుంచి ఎప్పుడో పెద్ద ప్లాంటు ఉద్యోగానికి వచ్చి, రిటైరై, ఇంట్లో కూర్చోలేక ఇక్కడ చేరాడు. ఎడమ చేతి చూపుడు వేలు రెండు కణుపులు లేవు.

"సంతకం పెట్టలేదంటగా?" అన్నాడు.

"పెట్టలె. మీరు పెట్టిండ్రు గదా."

"నేనా?"

"మూడో ప్రెస్సుకు ఏలాడేసిన కార్డు మీద. వారం వారం పైపులు బాగున్నయని టిక్కు, కింద మీ సంతకం. మొన్ననే సదివిన."

త్రినాథరావు ఒక గుక్క టీ తాగాడు. "ఆ పైపు మార్చాలని మూడు నెలల కిందట రాసిచ్చానమ్మా. ఇంకా పగల్లేదు కదా, పగిలాక చూద్దాం అన్నారు. రెండోసారి అడిగాను. మూడోసారి అడగలేదు. కార్డు ఖాళీగా ఉంటే మళ్లీ నన్నే తిడతారు. అందుకని..." గ్లాసు అడుగున మిగిలిన టీ నేల మీద ఒలకబోశాడు. "పైపు పగిలేదాకా వాడితే పగిలేది పైపొకటే కాదు. ఇది చూడు." లేని వేలు చూపించాడు. "సూదిమొనంత కన్నం. అందులోంచి వచ్చే నూనె కంటికి కనబడదు. తోలు చీల్చుకుని లోపలికెళ్లిపోద్ది. నాకు చీమ కుట్టినట్టు అనిపించింది, అంతే. తుడుచుకుని ఇంటికెళ్లి అన్నం తిన్నాను. తెల్లారేసరికి చెయ్యి గుమ్మడికాయ. డాక్టరు వేలు తీసి చెయ్యి మిగిల్చాడు."

"మరి ఎట్ల దెలుస్తది ముందుగాల?"

"కళ్లతో చూడాలి. ఇనుప బిగింపు దగ్గర తడి. వంపులో పగుళ్లు. రాసుకున్న చోట లోపలి తీగ బయటపడటం. ఎక్కడన్నా బొబ్బలా ఉబ్బడం. పైపు మీద అక్షరాల వరుస ఉంటుంది, అది తిన్నగా పోవాలి. మెలి తిరిగి ఉందంటే బిగించినోడు పైపును మెలిపెట్టి బిగించినట్టు. అది ఎక్కువ రోజులు బతకదు. చెయ్యి మాత్రం పెట్టొద్దు. అనుమానమొస్తే అట్ట పెట్టి చూడు. అట్టకి రక్తం రాదు."

"మూడోదానికి అక్షరాలు నాకెప్పుడు కండ్లవడలె."

"ఎలా కనపడతాయి? ఏటేటా పండక్కి మీరేగా దానికి రంగేస్తారు," అన్నాడు త్రినాథరావు.

*

నిజమే. పండుగ ముందు ఆ షెడ్డులో అన్నిటికీ ఆకుపచ్చ రంగు వేస్తారు. చట్రాలకు, తొట్లకు, కంచెలకు. నల్లగా ఉంటే పాతగా కనిపిస్తుందని పైపులకు కూడా. ఏడేళ్లుగా ఆ కుంచె పట్టింది సత్తెమ్మే. ఒక్కో ఏడాది వేసిన పూత మీద ఇంకో ఏడాది పూత. పెద్దసారు వచ్చి, "కొత్త షెడ్డులా ఉంది," అని ఒక మాట అని పోతారు.

మంగళవారం పొద్దున రంగు డబ్బాలు వచ్చాయి. ఆమె ఒకటో ప్రెస్సు చట్రానికి వేసి, పైపు దగ్గర ఆగింది. ఇన్నేళ్లూ ఆగని చోటు అది. పైపు వదిలేసి రెండో ప్రెస్సుకు పోయింది. అక్కడా అంతే. మూడో ప్రెస్సు దగ్గరికి వచ్చేసరికి భోజనాల వేళైంది. నర్సన్న పంపు ఆపి పోయాడు. త్రినాథరావు పైపులో ఒత్తిడి వదిలి, మీటరు ముల్లు సున్నాకు వచ్చిందని చూపించి, "ఇప్పుడు పర్లేదు, చూసుకో," అని తనూ భోజనానికి పోయాడు.

ఆమె గుడ్డను కిరసనాయిల్లో ముంచి పైపును తుడిచింది. ఆకుపచ్చ పెచ్చులు రాలాయి. ఒక పూత కింద ఇంకో పూత, దాని కింద ఇంకోటి. అన్నీ తన చేతి పూతలే. చివరికి నల్ల రబ్బరు బయటపడింది. ఎండాకాలం మడమల్లా నెర్రెలు. చట్రం మూలకు రాసుకున్న చోట రబ్బరు పోయి సన్న తీగల అల్లిక తుప్పు పట్టి కనిపిస్తోంది. తెల్ల అక్షరాల వరుస పైపు చుట్టూ తీగెలా మెలి తిరిగింది. ఇంగ్లీషు అక్షరాలు ఆమెకు రావు, అంకెలు వచ్చు. వరుస చివర 2014 అని ఉంది. ఆమె వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంది. పదకొండు. అందులో ఏడు తను రంగేసి దాచినవి.

ఆమె కుంచె కడిగి పెట్టేసింది.

భోజనాలయ్యాక, త్రినాథరావు ఇటు రాకముందే, నర్సన్న వచ్చి ఆమెవైపు చూడకుండా బటన్ నొక్కాడు. దిమ్మె దిగినప్పుడల్లా సత్తెమ్మకు ఒక చప్పుడు వినిపించింది. సన్నగా, గ్యాసు పొయ్యి ముట్టించకముందు వచ్చేలాంటి చప్పుడు. దిమ్మె లేస్తే ఆగుతుంది, దిగితే వస్తుంది. పైపు వైపు చూస్తే నూనె కనబడలేదు.

"నర్సన్నా, బంద్ జెయ్. ఇనవడ్తలేదా?"

"ఇంకా నూట ఇర్వై ఉన్నయక్కా. బంద్ జేస్తే నన్నంటరు. ఇప్పటికే నీతోని మాట్లాడ్తున్ననని..." అంటూనే ఇంకో రేకు పెట్టాడు. కుడి చెంప పైపుకు మూరెడు దూరంలో ఉంది.

"గట్లయితే జెర ఎడమకు జరుగు. దూరం నిలవడు."

ఏ కళనున్నాడో, నర్సన్న రెండడుగులు జరిగాడు. సత్తెమ్మ అవతలి షెడ్డుకు పరుగెత్తింది. త్రినాథరావు మోటారు విప్పి కూర్చుని ఉన్నాడు. మాట విని స్పానర్ అక్కడే పడేసి లేచాడు. ఆమె అతని కంటే ముందు నడిచింది. దారిలో ఒక అట్టముక్క చేతికి తగిలితే తీసుకుంది.

వచ్చి చూస్తే మూడో ప్రెస్సు దగ్గర వెంకట సాయి నిలబడి ఉన్నాడు. ఒక చేతిలో రంగు కుంచె.

"ఏంటమ్మా ఇది? అంతా పచ్చగా ఉండి ఈ పైపులు మాత్రం నల్లగా ఏంటి? రేపు పొద్దున పెద్దసార్ వస్తారు. చెప్పిన పని చెయ్యరు, పెట్టమన్న సంతకం పెట్టరు. తప్పుకో, నేనే వేస్తాను." కుంచె డబ్బాలో ముంచి, పైపును స్థిరంగా పట్టుకోవడానికి ఎడమ చెయ్యి చాచాడు. దిమ్మె దిగుతోంది.

"చెయ్యి దియ్!"

ఆమె ఏడేళ్లలో ఆ షెడ్డులో ఎవరి మీదా అరవలేదు. ఈసారి సారూ అని కూడా అనలేదు. అట్టముక్కతో అతని మణికట్టు మీద కొట్టింది. కుంచె ఎగిరి నేల మీద పడింది. అదే ఊపులో అట్టను పైపుకూ అతనికీ మధ్య అడ్డం పెట్టింది.

సీ... అని చప్పుడు. అట్ట మీద జానెడు పొడవున సన్నని తడి గీత పడింది, ఎవరో కత్తిమొనతో గీసినట్టు. ఆమె అట్టను కొంచెం దగ్గరికి జరిపింది. గీత ఉన్న చోట అట్ట చీలింది. చీలికలోంచి వెలుతురు కనిపించింది.

త్రినాథరావు వెనకనుంచి వచ్చి ఎర్ర బటన్ గుద్దాడు. పంపు ఆగింది. షెడ్డులో ఉన్నట్టుండి ఎంత నిశ్శబ్దమైందంటే బయట లారీల హారన్లు వినిపించాయి.

వెంకట సాయి తన ఎడమ అరచెయ్యి తిప్పి చూసుకున్నాడు. ఏమీ కాలేదు. మళ్లీ తిప్పి చూసుకున్నాడు.

ఆ సాయంత్రం త్రినాథరావు ఒత్తిడి వదిలి, ముల్లు చూసి, పైపు విప్పి, రంపంతో కోసి అందరికీ చూపించాడు. లోపలి తీగలు ఎండిపోయిన చీపురు పుల్లల్లా పొడిగా విరిగి వచ్చాయి. మూడు నెలలుగా రాని కొత్త పైపు పటాన్‌చెరు మెయిన్‌రోడ్డు మీది దుకాణంలో గంటలో తయారై వచ్చింది. పాతదాని కంటే జానెడు పొడవు, చట్రం మూలకు తగలకుండా. అతను బిగిస్తుంటే సత్తెమ్మ దీపం పట్టుకుంది. తెల్ల అక్షరాల వరుస నోటుపుస్తకంలో గీత మీద రాసినట్టు తిన్నగా ఉందా లేదా అని చివరిదాకా చూసింది. ఉంది.

"మిగతా నాలుగూ పండగయ్యాక విప్పి చూస్తానమ్మా," అన్నాడు త్రినాథరావు. "ఈసారి చూసే టిక్కు పెడతాను."

*

బుధవారం ప్రెస్సులన్నిటికీ పసుపు, కుంకుమ, బంతిపూల దండలు. పెద్దసారు వచ్చి కొబ్బరికాయ కొట్టారు. గుమ్మడికాయ పగిలింది. గేటు పక్కన భద్రత బోర్డు మీద కొత్త కాగితం అంటించి ఉంది. ప్రమాదాన్ని ముందే గుర్తించి ఆపిన ఉద్యోగి, అని పైన. కింద వెంకట సాయి ఫోటో. అందరూ చప్పట్లు కొట్టారు. వెంకట సాయి నవ్వలేదు. అతని చూపు ఒకసారి ఆడవాళ్ల వరుస చివరికి వచ్చి, అక్కడినుంచి త్వరగా మళ్లిపోయింది.

సత్తెమ్మ చీపురు తీసుకుని గుమ్మడికాయ ముక్కలు ఎత్తుతోంది. సంచిలో డబ్బా కింద కాగితం అలాగే ఉంది. సాయంత్రానికి గడువు. పండుగ మిఠాయి పొట్లాలు పంచుతున్నారు. ప్యాకింగు ఆడవాళ్లు తలా ఒకటి తీసుకుని కబుర్లాడుతూ బస్సుకు పోయారు.

వెనక ఎవరో నిలబడ్డట్టనిపించి తిరిగింది. నర్సన్న.

"అక్కా, గా దినం నేనేం సంతకం వెట్టిన్నో నాకు ఎర్కలేదు."

"ఇంగిలీసుల ఉండె."

"తెలుగుల ఉన్నా నాకొకటే. నా పేరు దప్ప ఇంకోటి రాయరాదు." మోచేతి కట్టు గోక్కున్నాడు. "రాత్రి నా బిడ్డ అడిగింది, పైపు నీ మొకం పక్కపొంటి ఉండెనా నాయనా అని. నాకు నోట్లకు అన్నం వోలేదు. ఒక కాయితం రాయాలె. ఎవర్నడిగినా పండుగ పూట మనకెందుకే అంటుండ్రు. నీకు రాయొస్తదట గదా."

"నా గురించి నేనే రాస్కోవాల్నా?"

"నేను జెప్త. నువ్వు రాయి. మాట నాది."

ఇద్దరూ మూడో ప్రెస్సు పక్కన బోర్లించిన డబ్బాల మీద కూర్చున్నారు. కాగితం కింద పెట్టుకోవడానికి ఆమె ఒక అట్టముక్క వెతికింది. నర్సన్న ఒక మాట చెప్పి, ఆమె దాన్ని రాసేదాకా ఆగి, ఇంకో మాట చెప్పాడు. రాసే మాటను ఆమె లోపల్లోపల రెండుసార్లు పలికి చూసుకుని పెడుతోంది. శనివారం నేను మూడో ప్రెస్సు దగ్గర జారి పడ్డాను. అక్కడ ఆమె చెయ్యి ఆగింది.

"నీ పేరు రాయరాదా ఏంది?" అన్నాడు నర్సన్న.

"వస్తది."

సత్తెమ్మ, అని రాసింది. వాక్యం మధ్యలో ఆ పేరు వేరే ఎవరిదోలా ఉంది. సంతకాల దగ్గర, రేషను కార్డు దరఖాస్తుల మీద ఎన్నోసార్లు రాసిన పేరే. ఆ పేరుగల మనిషి ఏం చేసిందో చెప్పే మాట పక్కన ఎప్పుడూ రాయలేదు.

"సత్తెమ్మక్క పొద్దుగాలకెల్లి మూడుసార్లు తుడ్సింది, అని రాయి. నేను సూసిన."

"రెండుసార్లే తుడ్సిన."

"మూడంటే గట్టిగుంటదక్కా."

"రెండే. లేంది రాయొద్దు."

సత్తెమ్మ ఆ పొద్దున రెండుసార్లు తుడిచింది. తర్వాత ఆమెను ఆఫీసు అద్దాలు కడగమని పిలిచారు. నూనె పైపులోంచి కారింది. పైపు పాతది.

"అయిపాయెనా?" అంది.

నర్సన్న కొత్త పైపు వైపు చూస్తూ కూర్చున్నాడు. "ఇంకొక్కటి రాయి. పైపు పాడైందని నాకు ముందే ఎర్కే. సత్తెమ్మక్క నాకు జెప్పింది. నేనెవ్వరికి జెప్పలె. గదిగూడ రాయి."

ఆమె తలెత్తి అతన్ని చూసి, తల దించి రాసింది. అతను పెన్ను తీసుకుని, నాలుక పళ్ల మధ్య పెట్టుకుని, తనకొచ్చిన ఒకే ఒక్క మాట రాశాడు.

ఆఫీసులో వెంకట సాయి ఒక్కడే ఉన్నాడు. కాగితం అందుకుని కొంచెం దూరం పెట్టి చూశాడు, దగ్గర పెట్టి చూశాడు. "చేతిరాత తెలుగు నాకు అంత తొందరగా రాదు," అన్నాడు. కాగితం తిరిగి చాపాడు. "మీరే చదవండి."

సత్తెమ్మ చదివింది. ఒక్కో మాట కింద వేలు పెట్టి, ఆగి ఆగి, గొంతు పెంచకుండా. తన పేరు వచ్చిన రెండు చోట్లా ఆగలేదు. అయిపోయాక కాగితం బల్ల మీద పెట్టింది. సంచిలోంచి మడత పెట్టిన నోటీసు తీసి పక్కన పెట్టింది. సంతకం చోటు ఖాళీగానే ఉంది.

వెంకట సాయి రెండు కాగితాలూ చూస్తూ కూర్చున్నాడు. ఎడమ అరచెయ్యి ప్యాంటుకు రుద్దుకున్నాడు. "పండగయ్యాక పెద్దసార్‌కి చూపిస్తాను," అన్నాడు చివరికి. "రెండూ చూపిస్తాను. ఆయన ఏమంటారో మాత్రం..." అని ఆపేశాడు. ఏ కాగితమూ చింపలేదు. రెండిటినీ కలిపి గుండుసూది గుచ్చి సొరుగులో పెట్టాడు.

నర్సన్న బస్సు అందుకోవడానికి పోయాడు. షెడ్డులో దీపాలు సగం ఆర్పేశారు. బంతిపూల వాసన, నూనె వాసన కలిసి ఉంది. సత్తెమ్మ నాలుగు అట్టపెట్టెలు విప్పి, ఒకటో ప్రెస్సు కింద, రెండోదాని కింద, నాలుగు, ఐదు కింద పరిచింది. మూడోదాని కింద నేల పొడిగా ఉంది. కాసేపు నిలబడి, ఇంకో పెట్టె విప్పి దాని కింద కూడా పరిచింది.

గేటు దగ్గర కాపలావాడు పుస్తకం మూస్తూ అడిగాడు. "అందరు పోయిండ్రు, ఇంతసేపా అక్కా? నీ పాసు సంగతి ఏమాయె? పండుగైనంక వస్తవా మల్ల?"

"అట్టలు పర్సొచ్చిన," అంది సత్తెమ్మ. "తియ్యాలె గదా."

*

సత్తెమ్మ
యాభై ఏడేళ్లు
ప్రస్తుతం ఉంటున్నది ముత్తంగి